"నాకేం చలి లేదు" అనే పెద్దవాళ్లని చలికాలం దాటించడం ఎలా

రెండేళ్ల కింద చలికాలంలో నేను రోజూ నాన్నకి ఫోన్ చేసి "చలిగా ఉందా నాన్నా అక్కడ" అని అడిగేవాణ్ణి, ఆయన "అబ్బే, ఏం లేదు, బానే ఉంది" అనేవారు, నేను సరే అని పెట్టేసేవాణ్ణి. ఓ ఆదివారం చెప్పాపెట్టకుండా వెళ్లాను. తలుపు తీశాక చెయ్యి పట్టుకుంటే ఐసుముక్క. హాల్లో నేను స్వెట్టర్ మీద జాకెట్ వేస్కుని కూడా ముడుచుకుపోతున్నా, ఆయనేమో పల్చటి చొక్కాతో కుర్చీలో కూర్చుని టీవీ చూస్తున్నారు. గోడకి తగిలించే రూమ్ థర్మామీటర్ ఒకటి తెచ్చి పెడితే 15 డిగ్రీలు చూపించింది. ఆయన నాతో ఇన్నాళ్లూ అబద్ధం చెప్పలేదు, ఆయనకి నిజంగానే చలి తెలీట్లేదు.

ఆ రోజు నుంచి నేను అడగడం తగ్గించి చూడటం మొదలుపెట్టాను. ఇప్పుడు రాసేదంతా అలా చూస్తూ, డాక్టర్లని విసిగిస్తూ, కొన్ని తప్పులు చేస్తూ నేర్చుకున్నదే. అమ్మానాన్నలైనా, అత్తమామలైనా, పక్కింట్లో ఒంటరిగా ఉండే పెద్దాయనైనా పనికొస్తుంది.

ముందు, వాళ్లకి చలి ఎందుకు తెలీదు

మనకి చలేస్తే రెండు జరుగుతాయి. చర్మంలోని రక్తనాళాలు బిగుసుకుని వేడిని లోపలే ఆపుతాయి, తర్వాత కండరాలు వణికి కొత్త వేడి పుట్టిస్తాయి. వయసు పెరిగేకొద్దీ ఈ రెండూ నెమ్మదిస్తాయి, కండ కరిగిపోతుంది కాబట్టి వణుకులో కూడా దమ్ముండదు, చర్మం కింద కొవ్వు పల్చబడుతుంది, పైగా చలిగా ఉందని మెదడుకి చేరాల్సిన కబురే ఆలస్యంగా చేరుతుంది. దీనికి షుగర్, థైరాయిడ్ తక్కువగా ఉండటం, నిద్రమాత్రలు లాంటివి తోడైతే ఇంకా కష్టం. అందుకే బయట ఎముకలు కొరికే చలి అక్కర్లేదు, చల్లటి గదిలో గంటల తరబడి కదలకుండా కూర్చున్నా ఒళ్లు లోపల చల్లబడిపోవచ్చు.

స్టెప్ 1: చలి రాకముందే డాక్టర్ దగ్గరికి ఒకసారి

ఇది చలి ముదిరాక కాదు, మొదలవకముందే చేస్కోవాలి, ఎందుకంటే ఫ్లూ టీకా వేయించాక ఒంట్లో రక్షణ తయారవ్వడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. ఫ్లూ టీకా ప్రతి ఏడూ కొత్తగా వేయించాల్సిందే, వైరస్ మారుతూ ఉంటుంది కాబట్టి పోయినేడు వేయించాం కదా అంటే కుదరదు. దాంతోపాటు న్యుమోనియా టీకా (న్యుమోకోకల్ అంటారు), కోవిడ్ టీకా, ఇంకా ఆర్‌ఎస్‌వీ అనే ఊపిరితిత్తుల వైరస్‌కి 2023లో వచ్చిన టీకా, ఇవి మా వాళ్లకి అవసరమా అని అడగండి. ఏది ఎవరికి అన్నది వయసుని బట్టి, ఉన్న జబ్బుల్ని బట్టి డాక్టరే చెప్పాలి. ఇంకో మాట, ఇంట్లో మిగతావాళ్లు కూడా ఫ్లూ టీకా వేయించుకోండి, పెద్దవాళ్లకి ఎక్కువసార్లు అంటించేది మనమూ మన పిల్లలూనే.

వెళ్లేటప్పుడు వాడే మందులన్నీ, అన్నీ అంటే అన్నీ, విటమిన్ మాత్రలతో సహా ఒక సంచిలో వేస్కుని తీస్కెళ్లండి. చీటీలు కాదు, డబ్బాలే. మా నాన్న సంచిలో ఒకే మందు రెండు వేర్వేరు పేర్లతో దొరికింది, ఇద్దరు వేర్వేరు డాక్టర్లు రాసింది, రెండూ మింగుతున్నారు.

విటమిన్ డి గురించి కూడా అప్పుడే అడిగేయండి. పెద్ద వయసులో చర్మం దాన్ని తక్కువగా తయారుచేస్తుంది, చలికాలంలో ఎండ కూడా తక్కువ, కిటికీ అద్దం వెనక కూర్చుంటే హాయిగా వెచ్చగా ఉంటుంది గానీ విటమిన్ డి రాదు, దానికి కావాల్సిన కిరణాల్ని అద్దం ఆపేస్తుంది. 70 దాటినవాళ్లకి రోజుకి 800 యూనిట్లు అని సాధారణ లెక్క, మాత్ర వేస్కోవాలా వద్దా అన్నది టెస్టు చూసి తేల్చుకోవాలి.

స్టెప్ 2: గది

రూమ్ థర్మామీటర్ కొనండి. ఈ మొత్తంలో ఒక్క వస్తువే కొంటానంటే ఇదే కొనండి అంటాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇళ్ల గురించి ఇచ్చిన మార్గదర్శకాల్లో చలి ఉండే చోట్ల ఇంటి లోపల కనీసం 18 డిగ్రీలు ఉండాలని చెప్పింది, పెద్దవాళ్లకి అంతకంటే ఎక్కువ కావాల్సి రావచ్చని కూడా. మేం 20 పెట్టుకున్నాం. థర్మామీటర్‌ని వాళ్లు ఎక్కువసేపు కూర్చునే చోట, కూర్చున్న మనిషి ఛాతీ ఎత్తులో పెట్టాలి, హీటర్ పక్కనో ఎండ పడే గోడకో కాదు. పడకగదిలో ఇంకోటి ఉంటే మంచిది, తెల్లవారుజామున ఎంతకి పడిపోతోందో అప్పుడు తెలుస్తుంది.

ఇల్లంతా వెచ్చబెట్టడం అందరివల్లా కాదు, ఖర్చు. అలాంటప్పుడు పగలు ఉండే గది ఒకటి, పడుకునే గది ఒకటి చూస్కోండి చాలు, తలుపుల కింద సందుల్లో పాత తువ్వాలు చుట్ట చుట్టి పెట్టండి, కర్టెన్లు ఎండ ఉన్నప్పుడు తీసి పొద్దుగూకగానే వేసేయండి.

హీటర్ విషయంలో మాత్రం కాస్త గట్టిగా ఉండాలి. కర్టెన్లకీ మంచానికీ కనీసం ఒక మీటరు దూరం. ప్లగ్ నేరుగా గోడలోకి, ఎక్స్‌టెన్షన్ బోర్డులోకి కాదు. నిద్రపోయేముందు ఆపేయాలి. బొగ్గులు, కట్టెలు, కిరోసిన్, గ్యాస్, ఇలా మండే ఏ వస్తువునైనా తలుపులు బిగించిన గదిలో పెట్టుకుని పడుకోవడం మాత్రం వద్దే వద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు, రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట దానికంటే 200 రెట్లకి పైగా గట్టిగా అతుక్కుపోతుంది. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, మత్తు, ఇవే గుర్తులు, పెద్దవాళ్లేమో "నిద్రొస్తోంది" అని పడుకుంటారు, ఇంక లేవరు. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి వచ్చి, బయటికెళ్తే తగ్గుతోందంటే దాన్నే అనుమానించండి. కార్బన్ మోనాక్సైడ్‌ని పసిగట్టే అలారాలు దొరుకుతాయి, మండే హీటర్ ఉన్న ఇంట్లో ఒకటి పెట్టించండి.

స్టెప్ 3: ఒళ్లు

ఒక్క మందపాటి కోటు కంటే మూడు పల్చటి బట్టలు మేలు, వాటి మధ్య ఇరుక్కున్న గాలే వేడిని పట్టి ఉంచుతుంది, ఉక్కపోస్తే ఒకటి తీసేయొచ్చు కూడా. కీళ్లనొప్పులు ఉన్నవాళ్లకి తల మీంచి తొడుక్కునే స్వెట్టర్ నరకం, చెయ్యి పైకి లేవదు, మనకి చెప్పడానికి మొహమాటపడి "నాకు చలి లేదు" అనేస్తారు. ముందు జిప్పు ఉన్నది కొనండి. మా అత్తగారి విషయంలో ఇది తెలియడానికి నాకు ఒక చలికాలమంతా పట్టింది.

సాక్స్ అడుగున జారకుండా ఆపే గ్రిప్ ఉండాలి, నున్నటి గచ్చు మీద ఉన్ని సాక్స్‌తో నడవడమంటే ఐసు మీద నడిచినట్టే. పైన ఎలాస్టిక్ మరీ బిగుతుగా ఉంటే రక్తం ఆడదు, సాయంత్రం విప్పినప్పుడు కాలి మీద లోతుగా గీత పడిందేమో చూడండి. షుగర్ ఉన్నవాళ్ల పాదాలు రోజూ చూడాల్సిందే, వేళ్ల సందులతో సహా.

వేడినీళ్ల బ్యాగు గురించి. సలసల కాగే నీళ్లు పోయకూడదు, గుడ్డ చుట్టకుండా ఒంటికి తగిలించకూడదు, పడుకునేముందు పక్కలో పెట్టి మనిషి పడుకోగానే తీసేయాలి. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకి కాలుతున్నట్టు తెలీదు, మనకి గోరువెచ్చగా అనిపించే వేడి కూడా గంటల తరబడి ఒకేచోట తగిలితే బొబ్బలు లేస్తాయి. రబ్బరు చిట్లినట్టు కనిపిస్తే పారేయండి. ఎలక్ట్రిక్ దుప్పటీ, నీళ్ల బ్యాగూ రెండూ కలిపి వాడొద్దు.

స్నానం: వెచ్చటి గదిలోంచి చల్లటి బాత్రూమ్‌లోకి, అక్కణ్ణుంచి వేడివేడి నీళ్లలోకి వెళ్తే బీపీ ఒక్కసారి పైకెక్కి కిందకి జారుతుంది, కళ్లు తిరిగి పడిపోయేది అక్కడే. కాసేపు ముందే బాత్రూమ్‌లో వేడినీళ్లు వదిలి ఆవిరి పట్టనివ్వండి, నీళ్లు 40 డిగ్రీలకి మించకుండా, స్నానం పొద్దున్నే చీకట్లో కాకుండా మధ్యాహ్నం పూట, ఇంట్లో ఎవరో ఒకరు ఉన్నప్పుడు, తలుపు గడియ వెయ్యకుండా. తుడుచుకున్నాక ఒళ్లింకా తడితడిగా ఉండగానే మాయిశ్చరైజర్ రాస్తే దురదలు సగం తగ్గుతాయి. పెద్దవాళ్లకి రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడానికి ఈ పొడి దురద ఒక కారణమని చాలామందికి తట్టదు.

ఇంకోటి, బ్రాందీయో విస్కీయో రెండు గుక్కలేస్తే వేడి పుడుతుందన్న నమ్మకం. చర్మంలో రక్తనాళాలు తెరుచుకుని వెచ్చగా అనిపిస్తుందంతే, లోపలి వేడి ఆ దారినే బయటికి పోతుంది.

స్టెప్ 4: నీళ్లు, తిండి

చలికాలంలో నీళ్లు తాగకపోవడానికి దాహం వేయకపోవడం ఒక కారణం, అసలు కారణం ఇంకోటి ఉంటుంది. రాత్రి బాత్రూమ్‌కి లేవాలి, చలి, చీకటి, పడతామని భయం. అందుకని సాయంత్రం నాలుగు నుంచే నీళ్లు మానేస్తారు. దాంతో మలబద్ధకం, యూరిన్ ఇన్‌ఫెక్షన్, పొద్దున్న లేవగానే కళ్లు తిరగడం, ఒక్కోసారి మతిమరుపు లాంటి గందరగోళం. "నీళ్లు తాగండి" అని వెంటపడటం వల్ల ఏం లాభం లేదు, రాత్రి బాత్రూమ్ దారిని బాగుచేయండి, వాళ్లే తాగుతారు. మంచం నుంచి బాత్రూమ్ దాకా తక్కువ ఎత్తులో నైట్ లాంపులు, దారిలో ఏ వస్తువూ లేకుండా, కాళ్లు తుడుచుకునే పట్టాలుంటే తీసేసి, కమోడ్ పక్కన పట్టుకునే రాడ్డు. నీళ్లలో ఎక్కువ భాగం మధ్యాహ్నంలోపు తాగేలా చూస్కోవచ్చు. గోరువెచ్చటి నీళ్లు, సూపు, పాలు అన్నీ లెక్కలోకే వస్తాయి. గుండె, కిడ్నీ సమస్య ఉండి నీళ్లు ఇంతే తాగాలని డాక్టర్ కొలత ఇచ్చినవాళ్లు ఆ కొలతే పాటించాలి.

తిండి గురించి ఒక్కటే చెప్తా, ప్రొటీన్ పూటపూటకీ ఉండాలి, ఒక్క మధ్యాహ్నమే కాదు. పాలు, గుడ్లు, పప్పుదినుసులు, చేపలు, ఎవరు ఏది తింటే అది. ఒంటరిగా ఉండేవాళ్లు ఒక్కరికోసం ఏం వండుతాంలే అని రొట్టెతోనో బిస్కెట్లతోనో సరిపెట్టేస్తారు, ఫ్రిజ్ తెరిచి చూస్తే తెలిసిపోతుంది.

స్టెప్ 5: కదలిక, పడకుండా ఉండటం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క వారానికి 150 నిమిషాల మోస్తరు వ్యాయామం, దాంతోపాటు 65 దాటినవాళ్లకి వారంలో మూడు రోజులు బ్యాలెన్స్ పెంచేవి. ఈ లెక్క చెప్తే పెద్దవాళ్లు భయపడతారు, చెప్పకండి. కుర్చీ గోడకి ఆనించి పెట్టి, చేతులు వాడకుండా లేచి కూర్చోవడం ఎనిమిది పదిసార్లు, వంటగట్టు పట్టుకుని ఒంటికాలి మీద పది లెక్కపెట్టే వరకు నిలబడటం, ఫోన్ మాట్లాడేటప్పుడు హాల్లో నడవడం. టీవీలో యాడ్ వచ్చిన ప్రతిసారీ లేచి నిలబడాలని మా నాన్నకి ఒక రూల్ పెట్టాం, మొదట్లో తిట్టుకున్నారు, ఇప్పుడు యాడ్లు తక్కువైనాయని తిడతారు.

వాకింగ్ తెల్లవారుజామున వద్దు. ఆ టైమ్‌లో చలి ఎక్కువ, బీపీ కూడా సహజంగానే పెరుగుతూ ఉంటుంది, నాళాలు బిగుసుకుని గుండె మీద భారం పడుతుంది, చలికాలంలో గుండెపోట్లు ఎక్కువవడానికి ఇదొక కారణం. ఎండెక్కాక వెళ్లమనండి. నలభై ఏళ్లుగా ఐదింటికే నడిచే మనిషిని మార్చడం తేలిక కాదని నాకూ తెలుసు, "మీరు వద్దు" అనకుండా "పదింటికి నేను కూడా వస్తా" అంటే పని జరిగింది. మంచు పడే చోటైతే చెప్పుల అడుగు గీతలు అరిగాయేమో చూడండి, మెట్ల మీద ఐసు కరగడానికి ఉప్పు చల్లించండి, చేతులు జేబుల్లో పెట్టుకుని నడవొద్దని చెప్పండి, జారితే పట్టుకోవడానికి చేతులు కావాలి. మంచం దిగేటప్పుడు ఒక నిమిషం కూర్చుని, మడమలు ఆడించి, అప్పుడు లేవాలి.

స్టెప్ 6: మెషిన్లు చెప్పేదంతా నిజం కాదు

ఒకరోజు రాత్రి నాన్నకి దగ్గు, ఆక్సీమీటర్ (వేలికి తగిలిస్తే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే మెషిన్) పెడితే 86. నాకు కాళ్లు చల్లబడ్డాయి, అంబులెన్స్‌కి ఫోన్ చేయబోతుంటే మా చెల్లి వీడియో కాల్‌లో "అన్నయ్యా, చేతులెలా ఉన్నాయో చూడు" అంది. గడ్డకట్టినట్టున్నాయి. రెండు చేతులూ నా చేతుల్లో పెట్టుకుని ఐదు నిమిషాలు వేడి చేసి మళ్లీ పెడితే 96. చల్లటి వేలికి రక్తం సరిగ్గా చేరదు, మెషిన్ తప్పు చెప్తుంది. నెయిల్ పాలిష్ ఉన్నా అంతే. వేడి చేశాక కూడా 92 లేదా అంతకంటే తక్కువే చూపిస్తుంటే డాక్టర్‌కి ఫోన్ చేయండి, ఆయాసం కూడా ఉంటే ఫోన్లతో కాలక్షేపం వద్దు, నేరుగా ఎమర్జెన్సీకే. పాత ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకి మామూలు అంకె ఎంతో డాక్టర్‌ని ముందే అడిగి రాసి పెట్టుకోండి.

బీపీ కూడా అంతే, చల్లటి గదిలో స్వెట్టర్ చెయ్యి మీదే పట్టీ చుట్టి కొలిస్తే తప్పు వస్తుంది. వెచ్చటి గది, బాత్రూమ్‌కి వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి, పట్టీ ఒట్టి చేతికి, గుండె ఎత్తులో. చలికాలంలో బీపీ కొంచెం పెరగడం మామూలే, డోసు డాక్టర్ పెంచొచ్చు. ఎవరూ చెప్పని ముక్క ఏంటంటే చలి తగ్గాక ఆ పెంచిన డోసు ఎక్కువైపోయి కళ్లు తిరగొచ్చు, కాబట్టి ఎండలు మొదలవ్వగానే మళ్లీ ఒకసారి చూపించుకోవాలి.

స్టెప్ 7: జలుబు మందులు

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే జలుబు మాత్రలు పెద్దవాళ్లకి అంత అమాయకమైనవి కావు. ముక్కు దిబ్బడ తగ్గించే సూడోఎఫెడ్రిన్, ఫినైల్‌ఎఫ్రిన్ లాంటివి బీపీ పెంచగలవు. మత్తు తెప్పించే పాతరకం ఎలర్జీ మందులు, క్లోర్‌ఫెనిరమైన్, డైఫెన్‌హైడ్రమైన్ లాంటివి, వాటివల్ల గందరగోళం, పడిపోవడం, ప్రోస్టేట్ సమస్య ఉన్న మగవాళ్లకి యూరిన్ బిగుసుకుపోవడం జరుగుతుంది. ఒళ్లునొప్పులకి ఐబూప్రొఫెన్ లాంటివి కిడ్నీల మీద భారం, బీపీ మందుల్ని సరిగ్గా పనిచేయనివ్వవు. పారాసిటమాల్ మేలే గానీ చాలా జలుబు మాత్రల్లో అది ముందే కలిపి ఉంటుంది, తెలీకుండా డబల్ డోసు అయిపోతుంది. అట్ట వెనక చిన్న అక్షరాలు వాళ్లకి కనపడవు, మనం చదవాలి.

జ్వరం రాలేదు కదా అని నిశ్చింతగా ఉండకండి. పెద్దవాళ్లకి న్యుమోనియా వచ్చినా జ్వరం పెద్దగా ఉండకపోవచ్చు. ఉన్నట్టుండి అన్నం మానేయడం, మాటలు తికమకపడటం, ఊరికే పడిపోవడం, మామూలు కంటే వేగంగా ఊపిరి తీయడం, అదే మొదటి గుర్తు కావచ్చు.

స్టెప్ 8: ఏం చూస్తే వెంటనే పరిగెత్తాలి

ముందు, ఒళ్లు లోపల చల్లబడిపోతోందనడానికి గుర్తులు: మాట ముద్దగా రావడం, తడబడుతూ నడవడం, చేతిలో వస్తువులు జారిపోవడం, మత్తుగా ఉండటం, పొట్ట మీద చెయ్యి పెడితే అక్కడ కూడా చల్లగా తగలడం. వణుకు ఆగిపోతే తగ్గిందనుకోవద్దు, అది ముదిరిందని అర్థం. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కంటే కిందకి పడిపోతే దాన్ని హైపోథెర్మియా అంటారు, గాజు జ్వరం థర్మామీటర్ల స్కేలు ఆ 35 దగ్గరే మొదలవుతుంది కాబట్టి కింద ఎంత ఉందో అది చెప్పలేదు. అంబులెన్స్‌కి ఫోన్ చేయండి, తడిబట్టలుంటే మార్చండి, తలతో సహా పొడి దుప్పట్లు కప్పి ఛాతీ, మెడ వెచ్చగా ఉంచండి. చేతులూ కాళ్లూ రుద్దకూడదు, వేడినీళ్ల స్నానం చేయించకూడదు, మనిషిని అటూ ఇటూ కుదపకూడదు. పూర్తి స్పృహలో ఉండి మింగగలిగితేనే గోరువెచ్చటి తియ్యటి పానీయం.

గుండెపోటు పెద్దవాళ్లకి ఛాతీనొప్పి లేకుండా కూడా వస్తుంది, ఆయాసం, చల్లటి చెమట, దవడనొప్పి, ఎప్పుడూ లేనంత నీరసం. మూతి వంకరపోవడం, ఒక చెయ్యి లేవకపోవడం, మాట తేడా అంటే పక్షవాతం, అప్పుడు ప్రతి నిమిషం లెక్కే, మొదలైన టైమ్ గుర్తుపెట్టుకుని పరిగెత్తండి. ఎమర్జెన్సీ నంబరు, మందుల లిస్టు, ఎలర్జీలు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్‌కి అతికించేయండి.

స్టెప్ 9: మనుషులు

ఇది చివర్లో రాశాను గానీ పై ఎనిమిదీ దీని మీదే నడుస్తాయి. రోజూ ఒక మనిషి కళ్లారా చూసే ఇంట్లో, మాట ముద్దగా వచ్చినా ఫ్రిజ్ ఖాళీగా ఉన్నా అదే రోజు తెలిసిపోతుంది. ఒంటరితనం ఊరికే మనసు బాధ కాదని ఇప్పుడు ప్రభుత్వాలే ఒప్పుకుంటున్నాయి, 2018లో బ్రిటన్, 2021లో జపాన్ దీనికోసం మంత్రుల్ని కూడా పెట్టాయి. 2024లో లాన్సెట్ కమిషన్ (లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల బృందం) మతిమరుపు జబ్బుకి దారితీసే, మనం మార్చుకోగల 14 కారణాల లిస్టు ఇస్తే అందులో నలుగురికీ దూరంగా ఉండటం ఒకటి, వినికిడి తగ్గడం ఇంకోటి, చూపు తగ్గడం ఇంకోటి. ఈ మూడూ ఒకదానికొకటి చుట్టాలే, ఎలాగో చెప్తా.

మా అత్తగారు ప్రతి వారం స్నేహితురాళ్లని కలిసేవారు, ఓ చలికాలం ఉన్నట్టుండి మానేశారు. "ఇంక ఓపిక లేదమ్మా" అని మా ఆవిడతో అన్నారు, మేం నమ్మాం. తర్వాత తెలిసింది, హియరింగ్ ఎయిడ్ బ్యాటరీ చలికి తొందరగా అయిపోతోంది, టోపీ రాసుకుని చెవిలో కీచుమంటోంది, బయటి చలిలోంచి వెచ్చటి గదిలోకి రాగానే లోపల తేమ పట్టి మాట ఆగిపోతోంది. నలుగురు నవ్వుతుంటే ఎందుకో తెలీక తనూ నవ్వాల్సి రావడం ఆవిడకి అవమానంగా అనిపించింది. పర్సులో ఎక్స్‌ట్రా బ్యాటరీలు, రాత్రిపూట మెషిన్ పెట్టే తేమ పీల్చే డబ్బా, చెవులు మరీ అదిమేయని వదులు టోపీ, ఈ మూడిటితో మళ్లీ వెళ్లడం మొదలుపెట్టారు. జింక్ బ్యాటరీ అయితే స్టిక్కర్ పీకాక రెండు మూడు నిమిషాలు గాలి తగలనిచ్చి అప్పుడు పెట్టాలి, ఎక్కువ మన్నుతుంది.

కాబట్టి మొదటి పని, "ఎందుకు వెళ్లట్లేదు" అని కాకుండా "ఎక్కడ ఆగారు" అని కనిపెట్టడం. చీకటి పడ్డాక కళ్లు సరిగ్గా కనపడవా, అయితే ఆ మీటింగ్ మధ్యాహ్నానికి మార్పించండి. మధ్యలో బాత్రూమ్ దొరకదని భయమా, ఎక్కడుందో ముందే చూసి చెప్పండి. జారిపడతానని భయమా, గుమ్మం నుంచి గుమ్మం దాకా బండి ఏర్పాటు చేయండి.

రెండోది, ఫోన్. రోజూ ఒకే టైమ్‌కి, పది నిమిషాలైనా చాలు, ఆదివారం గంటసేపు మాట్లాడి మిగతా ఆరు రోజులు మాయమవడం కంటే. తిన్నారా, మందులేసుకున్నారా, ఈ రెండు ప్రశ్నలతో మొదలుపెడితే అది హాజరు పట్టీ అవుతుంది, మాట కాదు. వాళ్లని ఏదైనా అడగండి, సలహా అడగండి, పాత ఫోటోలో వెనక నిలబడ్డది ఎవరో అడగండి, కుండీలో మొక్క ఎందుకు వాడిపోతోందో అడగండి. మనకి అవసరమైన మనిషిగా ఉండటం పెద్దవాళ్లకి కావాలి, మనం చూసుకుంటున్న మనిషిగా కాదు.

వీడియో కాల్ నేర్పేది ఉంటే పక్కన కూర్చుని నేర్పండి, ఫోన్లో ఫోన్ నేర్పడం జరిగే పని కాదు, ఇద్దరికీ బీపీ పెరగడం తప్ప. ఫోన్‌కి స్టాండ్ పెట్టండి, చేతులు వణికేవాళ్లకి పట్టుకోవడమే పెద్ద పని. మొదటి స్క్రీన్ మీద నలుగురి ఫోటోలు మాత్రమే, నొక్కితే కాల్ వెళ్లిపోయేలా. అవతల మనం కిటికీకి ఎదురుగా కూర్చోవాలి, మొహం మీద వెలుగు పడితే పెదాలు చూసి సగం అర్థం చేస్కుంటారు. ఒకేసారి ముగ్గురు మాట్లాడకండి.

మూడోది నా సొంత అభిప్రాయం, కొడుకులం కూతుళ్లం ఎంత చేసినా తోటి వయసు మనిషితో కూర్చున్నప్పుడు వచ్చే ఆ నవ్వు మనం తెప్పించలేం. వాళ్లకి మోకాళ్లనొప్పుల గురించి జోకులేసుకోవడానికి ఒకరు కావాలి. అందుకే నేను వెళ్లే ఆదివారాల్లో నెలకొకటి తగ్గించి, ఆ టైమ్‌లో నాన్న పాత కొలీగ్ ఒకాయన్ని తీస్కొచ్చి దింపి, సాయంత్రం మళ్లీ తీస్కెళ్తున్నా. డ్రైవర్ పనే, కానీ నేను మూడు గంటలు కూర్చున్నదానికంటే ఎక్కువ పనిచేసింది. అలాగని కొంతమంది స్వతహాగా ఒంటరిగా ఉండటం ఇష్టపడతారు, పుస్తకమో రేడియోనో చాలు, వాళ్లని పట్టుకెళ్లి గుంపులో కూర్చోబెట్టొద్దు, మనుషులు తక్కువున్నా లోటు లేనివాళ్లుంటారు, ఇంటినిండా జనమున్నా ఒంటరిగా ఉన్నవాళ్లూ ఉంటారు.

పక్కింటివాళ్లలో ఒకరి నంబరు మీ దగ్గర, మీ నంబరు వాళ్ల దగ్గర, ఇంటి తాళం ఒకటి నమ్మకస్తుల దగ్గర ఉండాలి. పొద్దున తొమ్మిదింటికల్లా కర్టెన్ తీయకపోతే తలుపు కొట్టమని చెప్పి పెట్టుకోవచ్చు. ఒంటరిగా ఉండేవాళ్లకి తియ్యగా మాట్లాడే దొంగ కాల్స్ కూడా ఎక్కువే వస్తాయి, మోసపోయారని తిట్టకుండా ముందే ఒక్క మాట మీద ఒప్పందం పెట్టుకోండి: డబ్బు, ఓటీపీ అన్న మాట వినపడగానే పెట్టేసి నాకు చెయ్యండి, ఎవరైనా సరే.

రెండు వారాలకి మించి దిగులుగా, నిద్రా తిండీ తేడాగా, ఇష్టమైనవి కూడా వద్దంటూ ఉంటే అది చలికాలం బద్ధకం కాదు, డిప్రెషన్ కావచ్చు. వాళ్లు దిగులు అనరు, "ఒంట్లో బాలేదు, అక్కడ నొప్పి, ఇక్కడ నొప్పి" అంటారు. "ఇంకెందుకులే నేను" లాంటి మాట వినిపిస్తే నవ్వి తీసిపారేయకండి, సూటిగా అడగండి, డాక్టర్ దగ్గరికి తీస్కెళ్లండి. పొద్దున పూట పగటి వెలుగులో అరగంట కూర్చోబెట్టడం కొంత సాయం చేస్తుంది, అదొక్కటే సరిపోదు.

మనకి జలుబు చేసినప్పుడు వాళ్ల దగ్గరికి వెళ్లకూడదు, నిజమే, కానీ వారం రోజులు మాయమైపోకూడదు కూడా, ఆ వారం ఫోన్ రోజుకి రెండుసార్లు చేయండి.

నాన్నకి ఇప్పుడు ఒక డ్యూటీ ఉంది. రోజూ సాయంత్రం ఆరున్నరకి ఆయనే నాకు ఫోన్ చేసి థర్మామీటర్ రీడింగ్ చెప్పాలి. చలిగా ఉందా అని నేను అడగను, ఆయన లేదనరు, అంకె చెప్తారు, ఆ అంకె తర్వాత ఇంకో పావుగంట వేరే కబుర్లు నడుస్తాయి. నిన్న 23 అన్నారు. హీటర్ ముందు పెట్టి చదివారేమోనని నా డౌట్, ఆదివారం వెళ్లి చూడాలి.